పెద్ద రాకెట్టు క్షేమంగా దిగాలంటే

‘రాకెట్టు కిట్టు కొనిపెట్టండి’ అని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొంతకాలంగా అడుగుతున్నారు. వాళ్ళు సెల్‌ఫోనుల్లో చూసింది నిజమైన రాకెట్టునే. మనిషికన్నా పొడవైన గొట్టాన్ని ఖాళీ మైదానంలో నిలబెట్టి మీట నొక్కితే అది కిలోమీటరు ఎత్తుకు దూసుకెళ్ళి, రంగుల ప్యారాచూట్ విప్పుకొని దిగివస్తుంది. పిల్లల కోరిక మన దాతల చెవిన కూడా పడింది. ‘మంచి పనే, ఎంతైతే అంత ఇద్దాం’ అన్నవారున్నారు. ‘ఫీజులకూ పుస్తకాలకూ చాలనిచోట తారాజువ్వలకు డబ్బా?’ అన్నవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. కాబట్టి ఇచ్చేముందు తెలుసుకోవలసిన సంగతులను ఉపాధ్యాయులుగా మేము ఇక్కడ విడమరిచి చెబుతున్నాం. ఆ రాకెట్టు ఏమిటి, దాన్ని ఎలా కడతారు, ఎలా ఎగురుతుంది, మన తాటిపాక ప్రాంతంలో దాన్ని ఎగరెయ్యవచ్చా అన్నవి ఆ సంగతులు.

తారాజువ్వకూ దీనికీ తేడా

రెండూ ఎగిరేది న్యూటన్ మూడో సూత్రం ప్రకారమే. వాయువు వేగంగా కిందికి పోతే గొట్టం పైకి పోతుంది. తారాజువ్వ అంతటితో ఆగిపోతుంది. అది ఎటు పోతుందో, దాని పుల్ల ఎక్కడ పడుతుందో ఎవరూ లెక్క చెయ్యరు. మోడల్ రాకెట్టు మాత్రం అనుకున్న ఎత్తుకు వెళ్ళి, చెక్కుచెదరకుండా దిగి, మళ్ళీ ఎగరడానికి పనికిరావాలి.

ఈ విద్య అమెరికాలో 1950లలో మొదలైంది. రష్యావాళ్ళు 1957లో స్పుత్నిక్‌ను పంపాక అక్కడి పిల్లలు ఇంట్లో దొరికిన మందులను లోహపు గొట్టాల్లో కూరి రాకెట్లు చెయ్యబోయి చేతులూ కళ్ళూ పోగొట్టుకున్నారు. ఆర్విల్ కార్లైల్, హ్యారీ స్టైన్ అనే ఇద్దరు దీనికి ఒక దారి చూపించారు. ఒంటికి కాగితపు గొట్టం వాడాలి, మోటారు ఫ్యాక్టరీలో తయారైనదే కావాలి, అగ్గిపుల్లతో కాక దూరం నుంచి కరెంటుతోనే అంటించాలి అన్నారు. ‘మోటారు ఇంట్లో చెయ్యకూడదు’ అన్న నియమం మోడల్ రాకెట్లకు ఇవాళ్టికీ ఉంది.

మోటార్ల బలాన్ని అక్షరాలతో చెబుతారు. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేదాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ప్రచోదనం అంటాం. ‘ఎ’ తరగతి మోటారుకు అది 2.5 న్యూటన్-సెకన్ల లోపు ఉంటుంది. ఒక్కో అక్షరం దాటినకొద్దీ ఆ హద్దు రెట్టింపవుతుంది. ‘జి’ దగ్గరికి వచ్చేసరికి 160 అవుతుంది. 160 దాటితే, అంటే ‘హెచ్’ నుంచి, దాన్ని హై పవర్ రాకెట్టు అంటారు. పిల్లలు ఫోనులో చూసింది ఇదే. అమెరికాలో దీన్ని ఎగరెయ్యాలంటే మూడు మెట్ల అర్హత పరీక్ష ఉంది. ‘హెచ్’, ‘ఐ’ మోటార్లకు మొదటి మెట్టు, ‘జె’, ‘కె’, ‘ఎల్’లకు రెండో మెట్టు, ‘ఎమ్’ ఆపైన మూడో మెట్టు. సాధారణంగా పద్దెనిమిదేళ్ళు నిండినవారికే ఈ అర్హత ఇస్తారు. పరీక్షకు ఎగరేసిన రాకెట్టు ఎంత అందంగా పైకి వెళ్ళినా, ప్యారాచూట్ తెరుచుకోకుండా కిందపడితే ఆ మనిషి తప్పినట్టే లెక్క.

ఇనుప గొట్టం నేర్పిన పాఠం

రాకెట్టు మాట వస్తే మనవాళ్ళు టిప్పు సుల్తాన్ పేరు తలుచుకుంటారు. సగర్వంగా తలుచుకోవలసిందే. అయితే ఆయన కాలపు పనివాళ్ళు ఏం చేశారన్నది కూడా తెలియాలి. అప్పటికి చాలా దేశాల్లో రాకెట్టు గొట్టాలను అట్టతో చేసేవారు. లోపల ఒత్తిడి పెరిగితే అట్ట పగులుతుంది. అందుకని మందు తక్కువ వెయ్యాలి, రాకెట్టు తక్కువ దూరం పోతుంది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల మైసూరు కమ్మరులు మందును ఇనుప గొట్టంలో పెట్టారు. ఇనుము ఎక్కువ ఒత్తిడిని ఆపింది, వాయువు ఎక్కువ వేగంతో బయటికి వచ్చింది, రాకెట్టు చాలా దూరం పోయింది. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు వీటి దెబ్బ చూశారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన రాకెట్లను ఇంగ్లండుకు తీసుకుపోయారు. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను రూపొందించాడు. 2018లో కర్ణాటకలోని నగర అనే ఊళ్ళో పాడుబడిన బావిలో అలాంటి ఇనుప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి.

అమెరికాలోని వాలప్స్ రాకెట్టు కేంద్రానికి శిక్షణకు వెళ్ళినప్పుడు అక్కడి గోడమీద టిప్పు సైన్యం రాకెట్లు వదులుతున్న చిత్రాన్ని చూశానని అబ్దుల్ కలాంగారు తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఈ కథలో మనకు కావలసిన పాఠం గొట్టం గురించినది. గొట్టం ఆపగలిగిన ఒత్తిడే రాకెట్టుకు బలం. ఆపలేకపోతే అదే బాంబు అవుతుంది. పిల్లలు ఇనుప గొట్టాల జోలికి పోకూడదని మేము గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కిట్టులో ఏముంటాయి

పెద్ద రాకెట్టు కిట్టు పెట్టె విప్పితే మోటారు ఉండదు. మోటారును విడిగా, అర్హత ఉన్నవారికే అమ్ముతారు. పెట్టెలో ఉండేవి ఇవి. ఒంటికి గట్టి అట్ట గొట్టం, లేదా ఫైబర్ గ్లాసు గొట్టం. పైన కోసుగా ఉండే ముక్కు. అడుగున మూడో నాలుగో రెక్కలు, వీటిని ప్లైవుడ్‌తో గానీ ఫైబర్ గ్లాసు పలకతో గానీ చేస్తారు. మోటారు కూర్చునే సన్న గొట్టం, దాన్ని పెద్ద గొట్టం మధ్యలో నిలిపే చెక్క రింగులు. ముక్కునూ ఒంటినీ కలిపి ఉంచే పొడవాటి నైలాన్ లేక కెవ్లార్ పట్టీ. చివరిగా ప్యారాచూట్.

కట్టే పనిలో ముఖ్యమైనది అతుకు. మోటారు తోసే బలమంతా ముందుగా చెక్క రింగుల మీద, అక్కడినుంచి ఒంటి మీద పడుతుంది. రెక్కలను గొట్టం పైపైన అంటిస్తే వేగానికి ఊడిపోతాయి. అందుకని గొట్టానికి సన్నని చీలికలు కోసి, రెక్క మొదలును లోపలికి దూర్చి, లోపలి మోటారు గొట్టానికి ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. గుమ్మానికి వడ్రంగి కుసి చేసి దూర్చినట్టన్నమాట. అతికించేముందు రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దాలి. జిగురు రెండు భాగాలనూ కొలిచి కలపాలి. గట్టిపడేదాకా కదపకూడదు. తొందరపడే పిల్లవాడికి ఓర్పు నేర్పడానికి ఇంతకన్నా మంచి పని మాకు కనిపించలేదు.

ప్యారాచూట్ దర్జీ పని. ఎనిమిది ముక్కల గుడ్డను గొడుగు బట్టలాగా కలిపి కుట్టి, ప్రతి కుట్టుమీదా తాడు వేస్తారు. నడినెత్తిన చిన్న రంధ్రం వదులుతారు. అక్కడినుంచి కొంత గాలి పోతే ప్యారాచూట్ ఊగిసలాడకుండా దిగుతుంది. కుట్టు మిషను ఉన్న ఇంటి ఆడపిల్ల ఈ పనిలో ఇంజనీరింగ్ విద్యార్థికి తీసిపోదు.

వంకర పోకుండా ఎలా వెళ్తుంది

బాణానికి వెనక ఈకలు, ముందు బరువైన ములుకు ఉంటాయి. రాకెట్టు సూత్రమూ అదే. ఏ వస్తువుకైనా బరువంతా ఒకచోట ఉన్నట్టు తూగే బిందువు ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటాం. మోటారుతో సహా రాకెట్టును ఒక తాడుమీద వేలాడదీస్తే ఎక్కడ తూగుతుందో అదే గరిమనాభి. అలాగే గాలి తోపు అంతా కలిసి పనిచేసే బిందువు ఇంకొకటి ఉంటుంది. దాన్ని పీడన కేంద్రం అంటారు. రెక్కలు పెద్దవైతే ఇది వెనక్కి జరుగుతుంది.

గరిమనాభి ముందు ఉండాలి, పీడన కేంద్రం వెనక ఉండాలి. ఆ రెంటి మధ్య దూరం కనీసం గొట్టం వ్యాసమంత ఉండాలన్నది రాకెట్టు కట్టేవారి లెక్క. అప్పుడు గాలి రాకెట్టును పక్కకు వంచబోతే రెక్కలే దాన్ని దారిలోకి తెస్తాయి. ఆ రెండూ తారుమారైతే రాకెట్టు పైకి లేచి, పల్టీకొట్టి, మనుషులమీదికి రావచ్చు. కాబట్టి తూకం కుదరని రాకెట్టును ఎగరెయ్యరు. ముక్కులో బరువు చేర్చి మళ్ళీ తూచి చూస్తారు. ఈ లెక్క కట్టడానికి ఓపెన్ రాకెట్ అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాము ఉంది. పాత కంప్యూటరు ఒక్కటి ఉన్నా చాలు.

రెక్కలకు పట్టు దొరకాలంటే గాలి వేగంగా తగలాలి. మొదటి క్షణంలో రాకెట్టుకు వేగం ఉండదు. అందుకని నిలువుగా పాతిన ఇనుప కమ్మీ లేక పట్టాల వెంట దాన్ని నడిపిస్తారు. దాన్ని వదిలేనాటికి సెకనుకు 15 మీటర్ల వేగమైనా రావాలి. ఇందుకోసం మోటారు బలం రాకెట్టు బరువుకు ఐదు రెట్లైనా ఉండేట్టు చూసుకుంటారు.

ఒక చిన్న లెక్క

పది సెంటీమీటర్ల వ్యాసం, రెండు మీటర్ల పొడవు, 4 కిలోల బరువు ఉన్న రాకెట్టును తీసుకుందాం. దీని బరువు సుమారు 40 న్యూటన్లు. 300 న్యూటన్ల బలంతో రెండు సెకన్లు పనిచేసే ‘ఐ’ తరగతి మోటారు పెట్టాం. ప్రచోదనం 600. దాన్ని 4తో భాగిస్తే సెకనుకు 150 మీటర్ల వేగం వస్తుంది. ఆ రెండు సెకన్లలో భూమ్యాకర్షణ 20 మీటర్ల వేగాన్ని తీసేస్తుంది. మిగిలింది 130, అంటే గంటకు 468 కిలోమీటర్లు.

గాలి లేకపోతే ఈ వేగానికి రాకెట్టు కిలోమీటరు దాకా పోవాలి. గాలి నిరోధం వల్ల ఇంచుమించు 700 మీటర్ల దగ్గర ఆగుతుంది. మోటారు పనిచేసేది రెండు సెకన్లే. మిగతా పది పదకొండు సెకన్లు రాకెట్టు తన ఊపుమీదే పోతుంది. పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రంలో వచ్చే సూత్రాలతోనే ఈ లెక్కలో ఎక్కువ భాగం చెయ్యవచ్చు. పుస్తకంలో నిద్ర తెప్పించే సూత్రం ఇక్కడికి వచ్చేసరికి పిల్లవాడికి అవసరమైపోతుంది.

అసలు కష్టం దిగడంలో ఉంది

ఇప్పుడు రాకెట్టు 700 మీటర్ల ఎత్తున ఒక్క క్షణం ఆగింది. ప్యారాచూట్ తెరుచుకోకపోతే ముక్కు కిందికి తిరిగి నేలను తాకేసరికి దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. నాలుగు కిలోల బరువు ఆ వేగంతో వస్తే ఇంటి పైకప్పు కూడా ఆపలేదు.

ప్యారాచూట్‌ను సమయానికి విప్పే పని ఆల్టిమీటర్ అనే చిన్న పరికరం చేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. 700 మీటర్లకు ఏడెనిమిది శాతం తగ్గుతుంది. పీడనం తగ్గడం ఆగి మళ్ళీ పెరగడం మొదలైందంటే రాకెట్టు కొసకు చేరి కిందికి తిరిగిందని అర్థం. అప్పుడు పరికరం కరెంటు పంపి చిన్న మందు పొట్లాన్ని అంటిస్తుంది. ఆ ఒత్తిడికి రాకెట్టు రెండు ముక్కలుగా విడిపోయి ప్యారాచూట్ బయటికి వస్తుంది. పరికరం గదిలోకి బయటి గాలి రావడానికి గొట్టానికి చిన్న బెజ్జాలు ఉండాలి. అవి మూసుకుపోతే పరికరానికి ఎత్తు తెలియదు. పెద్ద రాకెట్లలో ఒకటి పనిచెయ్యకపోతే ఇంకొకటి ఉండేట్టు రెండు ఆల్టిమీటర్లు, విడివిడి బ్యాటరీలతో పెడతారు.

ఇంకో చిక్కు గాలివాటం. మన నాలుగు కిలోల రాకెట్టు సెకనుకు 6 మీటర్ల చొప్పున మెల్లగా దిగాలంటే సుమారు రెండు మీటర్ల వ్యాసం ఉన్న ప్యారాచూట్ కావాలి. ఆ లెక్కన 700 మీటర్లు దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. గంటకు 18 కిలోమీటర్ల మామూలు గాలి వీస్తున్నా ఆ రెండు నిమిషాల్లో అది అర కిలోమీటరుకు పైగా కొట్టుకుపోతుంది. దీనికి ఉపాయం రెండు ప్యారాచూట్లు. పైన చిన్నది విప్పి, సెకనుకు 20 మీటర్ల వేగంతో 150 మీటర్ల ఎత్తు దాకా దించుతారు. అక్కడ పెద్దది విప్పుతారు. అప్పుడు దిగడానికి యాభై సెకన్లు చాలు. కొట్టుకుపోయే దూరం 260 మీటర్లకు తగ్గుతుంది.

మన నేలమీద ఎగరెయ్యవచ్చా

అమెరికా నియమాల ప్రకారం ఇలాంటి రాకెట్టుకు మైదానం ఒక్కో వైపు 1,500 అడుగులైనా ఉండాలి, లేదా రాకెట్టు వెళ్ళే ఎత్తులో సగం ఉండాలి. రెంటిలో ఏది ఎక్కువైతే అది. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఆ రోజుకు పని ఆపేస్తారు. చూసేవాళ్ళు వంద అడుగులకు దగ్గరగా రాకూడదు.

అంత ఖాళీ నేల తాటిపాకలో ఎక్కడుంది? ఇటు కొబ్బరితోట, అటు వరిచేను, మధ్యలో కాలువ, కాలువ గట్టున ఇళ్ళు, ఇళ్ళమీద కరెంటు తీగలు. వీటన్నిటికన్నా పెద్ద సంగతి మన కాళ్ళకింద ఉంది. తాటిపాకలో చమురు శుద్ధి కర్మాగారం ఉంది, చుట్టుపక్కల గ్యాసు బావులూ పైపులైన్లూ ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలి నిద్రలో ఉన్నవారిని పొట్టనబెట్టుకుంది. నిప్పు విలువ, నిప్పు భయం ఈ ప్రాంతంవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. గాలికి కొట్టుకుపోయే, నిప్పు మోసే వస్తువును ఇక్కడ ఎగరెయ్యకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

చట్టం కూడా అదే మాట చెబుతుంది. ఇలాంటి మోటార్లలో వాడేది అమోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి బంధకం కలిపిన ఘన ఇంధనం. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనూ ఈ జాతి ఇంధనమే మండుతుంది. మన దేశంలో పేలుడు స్వభావం ఉన్న పదార్థాల తయారీకి, నిలవకు, రవాణాకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనలు వర్తిస్తాయి. లైసెన్సు లేకుండా అవి బడిలో ఉండకూడదు. 2025 అక్టోబరు 8న కొమరిపాలెంలో బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన ఘోరం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవారికే తప్పని ప్రమాదం పిల్లలకు తప్పుతుందా?

అలాగని దారి మూసుకుపోలేదు. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పేస్ సంస్థ కళాశాల విద్యార్థులకు మోడల్ రాకెట్ల పోటీ పెడుతోంది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో, అధికారుల పర్యవేక్షణలో, విద్యార్థులు కట్టిన రాకెట్లు ఎగిరాయి. మన పిల్లలు పెద్ద రాకెట్టు ఎగరెయ్యవలసింది అలాంటి చోట. అక్కడికి చేరేలా వాళ్ళను తయారుచెయ్యడం మన పని.

తుంబాలో కలాంగారి పని

1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన దేశపు మొదటి రాకెట్టు ఎగిరింది. దాని పేరు నైకీ అపాచీ, అమెరికా ఇచ్చింది. అక్కడి చర్చి భవనమే కార్యాలయం, భాగాలు మోయడానికి సైకిళ్ళు. ఆ రోజున కలాంగారికి అప్పగించిన పని రాకెట్టు భాగాలను కూర్చడం, భద్రత చూడడం. మీట నొక్కడంకన్నా ముందు భద్రత నేర్చుకున్న మనిషి ఆయన.

ఆయన నాయకత్వంలో తయారైన ఎస్‌ఎల్‌వీ-3 మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న బయలుదేరి బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశను అదుపుచేసే వ్యవస్థలో ఒక వాల్వు నుంచి ఆమ్లం కారిపోవడమే కారణమని తేలింది. 22 మీటర్ల రాకెట్టును పడగొట్టింది ఒక వాల్వు. మళ్ళీ అన్నీ సరిచూసుకొని 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. టిప్పు మనవాడు, కలాం మనవాడు అని చెప్పుకోవడంతో సరిపెట్టుకోకుండా, వాళ్ళ పనిలోని ఈ ఓర్పును పిల్లలకు అందించాలని మా కోరిక.

ఈ రంగం మనకు దూరంగానూ లేదు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే వచ్చే తణుకులో ఆంధ్రా షుగర్స్ సంస్థ ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేస్తోంది. హైదరాబాదులోని స్కైరూట్ సంస్థ కట్టిన విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్టు అది. పొడవు ఆరు మీటర్లు, బరువు 545 కిలోలు. అందులోని ఘన ఇంధన మోటారు పేరు కలాం-80. ఇలాంటి చోట్ల ఇంజనీర్లే కాదు, ఫిట్టర్లు, వెల్డర్లు, ఫైబర్ గ్లాసు పనివాళ్ళు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవారు కూడా కావాలి. పదో తరగతి అయ్యాక గల్ఫ్ వీసా తప్ప ఇంకో దారి లేదనుకునే కుటుంబానికి ఈ మాట చెప్పవలసిన అవసరం ఉంది.

ఇక్కడ మనం చెయ్యగలిగింది

నిప్పు అక్కరలేని రాకెట్టు ఒకటి ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, రబ్బరు బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. గాలి నీటిని కిందికి తోస్తే సీసా పైకి పోతుంది. సరిగా చేస్తే తాటిచెట్టు ఎత్తు దాటుతుంది. దీనికీ నియమాలున్నాయి. గేజి ఉన్న పంపే వాడాలి, నలభై పౌండ్లు దాటనివ్వకూడదు, గీతలు పడ్డ సీసా పనికిరాదు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, దూరం నుంచి తాడు లాగి వదలాలి.

పెద్ద రాకెట్టులోని పాఠాలన్నీ ఇందులో ఉన్నాయి. ముక్కులో మట్టి పెట్టి తూకం కుదర్చాలి, అట్ట రెక్కలు సమంగా అతికించాలి. ముప్పై మీటర్ల దూరంలో నిలబడి, కోణమానినికి దారం, బరువు కట్టి కోణం చూస్తే ఎత్తు తెలుస్తుంది. కోణం 45 డిగ్రీలైతే ఎత్తు ముప్పై మీటర్లు, 35 డిగ్రీలైతే 21 మీటర్లు. దానికి చూసేవాడి కంటి ఎత్తు కలపాలి. ఇది పదో తరగతి త్రికోణమితి పాఠమే. పాత గొడుగు గుడ్డతో ప్యారాచూట్ కుట్టి, మేడమీద నుంచి ఇటుకముక్క కట్టి వదిలి, కింద ఎవరూ లేకుండా చూసుకొని, ఎన్ని సెకన్లలో దిగిందో రాసుకోవచ్చు. చిన్న పీడన పరికరాన్ని మెట్లమీద పైకీ కిందికీ తిప్పి ఆల్టిమీటర్ ఎలా ఆలోచిస్తుందో చూడవచ్చు.

ఆ తర్వాతి మెట్టు ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక శిబిరం. తొమ్మిదో తరగతి పిల్లలను ఎంపిక చేసి రెండు వారాలు తమ కేంద్రాల్లో ఉంచుకుని చూపిస్తారు. ఖర్చు వాళ్ళదే. పల్లెటూరి బడిలో చదివేవారికి ఎంపికలో అదనపు మార్కులున్నాయి. సైన్సు ప్రదర్శనలకు, పోటీలకు వెళ్ళిన అనుభవానికీ మార్కులుంటాయి. శ్రీహరికోటలో ప్రయోగాన్ని కళ్ళారా చూసే గ్యాలరీ కూడా ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, టిక్కెట్టు లేదు.

కాబట్టి దాతలకు మా సలహా ఇది. పెద్ద రాకెట్టు మోటారుకు ఇప్పుడు పైసా ఇవ్వవద్దు. గేజి ఉన్న పంపు, కొలత టేపు, కోణమానినులు, రక్షణ కళ్ళద్దాలు, ఒక కుట్టు మిషను, ఒక పాత కంప్యూటరు, పీడన పరికరం, వీటికి ఇవ్వండి. ఆడపిల్లలు, మగపిల్లలు కలిపి ఇరవైమందికి ఇవి చాలు, ఏటా మళ్ళీ పనికివస్తాయి. వచ్చే నాలుగైదేళ్ళలో వాళ్ళలో ఎవరైనా ఇంజనీరింగుకో డిప్లొమాకో వెళ్ళి, పర్యవేక్షణ ఉన్న మైదానంలో పెద్ద రాకెట్టు దగ్గర నిలబడితే, అప్పుడు ఆ రాకెట్టుకు ప్యారాచూట్ కొనిపెడదాం. దాన్ని ఎలా మడవాలో, ఎందుకు మడవాలో అప్పటికి వాళ్ళకు తెలిసి ఉంటుంది.